రంగు మార్చు, నీడను కదపకు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టర్లు, ఇంజనీర్లు చాలామంది మాట్లాడుతున్నారు. నువ్వు చేసే పనేమిటో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒక పావుగంట చెప్పు" అన్నారు. నిజమే. మా అమ్మక్కూడా చాలాకాలం తెలియలేదు. ఎవరైనా అడిగితే "మావాడు హైదరాబాదులో కంప్యూటర్లో చీరలకు రంగులేస్తాడు" అనేది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇంతకంటే బాగా నేను కూడా చెప్పలేను.

బట్టల దుకాణాల వాళ్ళు ఒక చీరను ఒకే రంగులో ఫోటో తీయించి మాకు పంపిస్తారు. అదే చీర ఇంకో ఎనిమిది రంగుల్లో ఎలా ఉంటుందో మేము కంప్యూటర్లో తయారుచేసి ఇస్తాం. ఎనిమిది చీరలు నేయించి, ఎనిమిదిసార్లు మనిషికి కట్టించి ఫోటోలు తీయాలంటే ఖర్చు. ఇదైతే చౌక. చూసేవాళ్ళకు అది అద్దిన రంగులా కాకుండా నేసిన రంగులా కనిపించాలి. కుచ్చిళ్ళు కుచ్చిళ్ళలాగే ఉండాలి, కొంగు మీద పడ్డ వెలుగు అలాగే పడాలి. మా పనంతా అక్కడే ఉంది.

ఈ విద్యకు నేను కట్టిన ఫీజు చాలా తక్కువ. దీని మొదటి పాఠం ఈ బడిలోనే, ఆ పడమటి వైపు గదిలోనే నేర్చుకున్నాను.

మా డ్రాయింగు మాస్టారిని నా తోటివాళ్ళు మరిచిపోయి ఉండరు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు ఆయన తన తెల్ల కండువా తీసి కిటికీ పక్కన కుర్చీ మీద వేశారు. "గీయండిరా" అన్నారు. మేం రంగుపెన్సిళ్ళు తీశాం. "రంగులు లోపల పెట్టండి. ఉత్త పెన్సిలే" అన్నారు. గీశాం. అందరి కాగితాల మీదా నాలుగు గీతలు, మధ్యలో ఖాళీ. ఆయన తిరిగి చూసి, "ఆ కండువాలో తెలుపు ఎంత ఉందిరా?" అని అడిగారు. "అంతా తెలుపే సార్" అన్నాం. అప్పుడాయన ఒక పోస్టుకార్డు మధ్యలో శనగగింజంత రంధ్రం చేసి, ఒక్కొక్కణ్ణీ పిలిచి అందులోంచి కండువా మడత లోపలికి చూడమన్నారు.

నా వంతు వచ్చింది. రంధ్రంలోంచి చూస్తే అక్కడ తెలుపు లేదు. బూడిదరంగు. ఇంకాస్త జరిపితే ముదురు బూడిద. కార్డు తీసేస్తే మళ్ళీ తెల్ల కండువా! ఆ రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు. "బట్ట రంగు ఒకటి, దాని మీద పడ్డ వెలుతురు ఒకటి. మీ కన్ను రెండింటినీ కలిపి చూసి, మీకు ఒక్కటే చెప్తుంది. గీసేవాడు మళ్ళీ రెండింటినీ విడదీయాలి" అన్నారు మాస్టారు. నా ఉద్యోగం మొత్తం ఆ ఒక్కమాట మీద నడుస్తోంది.

ఇప్పుడు అదే సంగతి కంప్యూటర్ భాషలో చెప్తాను. లెక్కల మాస్టారు కూడా ఇక్కడే ఉన్నారు కాబట్టి తప్పు చెబితే దిద్దుతారు.

ఫోటోలో ప్రతి చుక్కకూ మూడు అంకెలుంటాయి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. ఒక్కొక్కటీ 0 నుంచి 255 దాకా. మూడూ 255 అయితే తెలుపు, మూడూ 0 అయితే నలుపు. ఈ మూడు రంగుల ఫోటో కూడా బట్టతోనే మొదలైందంటే మన ఊరివాళ్ళకు సంతోషంగా ఉంటుంది. 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ లండన్‌లో మొట్టమొదటిసారి ఒక రంగుల ఛాయాచిత్రాన్ని తెర మీద చూపించాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా ఒకే వస్తువును విడివిడిగా ఫోటో తీయించి, మూడింటినీ తెర మీద ఒకదానిపై ఒకటి కలిపాడు. ఆ వస్తువు ఏమిటనుకున్నారు? స్కాట్లాండు వాళ్ళ గళ్ళ రిబ్బను.

మాస్టారి తెల్ల కండువాను ఫోటో తీశామనుకోండి. కిటికీ వైపు చుక్కలు దాదాపు 250 ఉంటాయి. మడత లోపల 128 ఉండవచ్చు. దాన్ని ఎర్ర కండువా చేయాలి. కొత్తగా చేరిన కుర్రాడైతే ఎరుపు తీసుకుని అంతటా సమానంగా పూస్తాడు. మడతలు మాయమై, కత్తిరించి అంటించిన గ్లేజు కాగితంలా తయారవుతుంది. చేయాల్సింది పూత కాదు, గుణకారం. నాకు కావలసిన ఎరుపు అంకెలు 200, 30, 60 అనుకుందాం. మడతలో ఉన్న 128ని 255తో భాగిస్తే సుమారు సగం. అంటే అక్కడ వెలుగు అంకె సగానికి పడిపోయింది. కాబట్టి అక్కడ నా ఎరుపు 100, 15, 30 అవుతుంది. కిటికీ వైపు దాదాపు పూర్తి ఎరుపు. బట్ట ఎంత వెలుతురును తిప్పి పంపగలదో, దాని మీద ఎంత వెలుతురు పడుతోందో, ఆ రెండింటి గుణకారమే మన కంటికి చేరేది. ఫోటోషాప్‌లో 'మల్టిప్లై' అనే ఏర్పాటు చేసేది ఇదే. ఉచితంగా దొరికే గింప్‌లో కూడా ఉంది.

ఇంత సులువైతే ఇరవై ఏళ్ళు నాకెవరు జీతమిస్తారని మీకు అనుమానం రావచ్చు. చిక్కులు ఇక్కడినుంచే మొదలవుతాయి.

మొదటిది, అన్ని రంగుల వెలుగూ ఒకటి కాదు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం చాలా తక్కువ వెలుగుగా కనిపిస్తాయి. టీవీల వాళ్ళ పాత సూత్రం ప్రకారం ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 వంతు లెక్క. అలా చూస్తే నిండు పసుపు వెలుగు 226, నిండు నీలం వెలుగు 29. అందుకే నీలం చీర ఫోటో తీసుకుని, వెలుగును అలాగే ఉంచి రంగు మాత్రం పసుపు చేస్తే పసుపు రాదు, బురద వస్తుంది. ముందు ఆ నీలాన్ని బూడిద చేసి, వెలుగు పెంచి, ఆ తర్వాత పసుపు ఎక్కించాలి. ముదురు రంగు ఫోటోలో మడతల వివరం పది ఇరవై మెట్లలోనే ఇరుక్కుని ఉంటుంది. లాగితే గరుకుగా చిట్లిపోతుంది. అందుకే ఎవరైనా అడిగితే లేత రంగు చీరను ఫోటో తీయించమని చెప్తాం. అద్దకంలో మా నాన్న చెప్పిన మాట కూడా ఇదే. లేతది ముదురు చేయవచ్చు, ముదురుది లేత చేయడం కష్టం.

రెండోది మెరుపు. నూలు మీద గానీ పట్టు మీద గానీ తళుక్కుమనే చోట కనిపించేది దీపం రంగు, బట్ట రంగు కాదు. ఎర్ర పట్టు మీద మెరుపు తెల్లగానే ఉంటుంది. దానికీ ఎరుపు పూస్తే పట్టు కాస్తా ప్లాస్టిక్ అవుతుంది. జరీ లోహం. దాని మెరుపు లోహం రంగులోనే, బంగారు రంగులోనే ఉంటుంది. కాబట్టి ఒళ్ళు రంగు మార్చేటప్పుడు జరీని విడిగా కాపాడాలి.

మూడోది చుట్టుపక్కల సంగతి. ఎర్రచీర కట్టుకున్న అమ్మాయి గడ్డం కింద, మోచేతి లోపల లేత ఎరుపు పడుతుంది. చీరను ఆకుపచ్చ చేసి ఆ ఎరుపును అక్కడే వదిలేస్తే, చూసేవాళ్ళకు తప్పేమిటో తెలియదు గానీ ఏదో తప్పుందని తెలుస్తుంది. లోతైన మడతల్లో కూడా వెలుతురు ఒక గోడ నుంచి ఇంకో గోడకు తగిలి తిరుగుతుంది. అందుకని అక్కడ రంగు ఉత్త నల్లబడదు, ఇంకా చిక్కబడుతుంది.

నలుపు తెలుపుల 'మాయాబజార్'ను 2010లో రంగుల్లో విడుదల చేసినప్పుడు మనలో చాలామంది చూశాం. 1957లో మార్కస్ బార్ట్లే గారు కెమెరాతో పట్టిన వెలుగునీడలే ఆ బొమ్మకు ప్రాణం. కొత్త రంగులు వాటి మీద ఎక్కాయి. ఆ రీలులో వెలుగెంతో ఉంది. చీర అసలు ఏ రంగో లేదు. బూడిదగా కనిపించే చీర ఎరుపైనా కావచ్చు, ఆకుపచ్చైనా కావచ్చు. రంగు వేసినవాళ్ళు ఊహించి వేయాల్సిందే. సినిమాకు ఆ ఊహ చాలు, ఎందుకంటే ఆ చీరను ఎవరూ కొనబోవడం లేదు. మా పనిలో అలా కాదు. బొమ్మ చూసి ఒకరు డబ్బు కడతారు, ఇంకొకరు మగ్గం ఎక్కుతారు. అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతి చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు పనిలో మంచి పేరు వచ్చింది. ఒక దుకాణానికి నూలు చీరల క్యాటలాగు చేశాను. అసలు చీర మీగడరంగు ఒళ్ళు, పసుపు అంచు. ఒళ్ళును ముదురాకుపచ్చ చేశాను. అంచును ముట్టుకోలేదు. ఒక్క మడత చెడలేదు, ఒక్క నీడ కదల్లేదు. పసుపు అంచు నిగనిగలాడుతోంది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

ఆ సంక్రాంతికి మన చీరాల వచ్చాను. బాబాయి ఇంటికి వెళితే మగ్గం ఖాళీగా ఉంది. మంచం మీద ఎనిమిది చీరలు మడతపెట్టి ఉన్నాయి. తిరిగొచ్చాయి అన్నాడు. ఎందుకని అడిగితే సెల్‌ఫోను తీసి బొమ్మ చూపించాడు. "ఇదిగో, ఇట్లా కావాలన్నారు షావుకారు. ఇట్లా రాలేదని కూలి సగం కోశారు."

ఆ బొమ్మ నాది.

నేను చేశానని చెప్పకుండానే అడిగాను, "ఎందుకు రాలేదు బాబాయ్?" అని. ఆయన ఒక చీర విప్పి అంచు చూపించాడు. పసుపు కాదు, ఎండిన పసరు రంగు. "ఒరేయ్, నువ్వు నేతవాళ్ళ ఇంట్లో పుట్టినోడివి. ఒళ్ళు పేక అంచులోకి పోకుండా ఎక్కడికి పోతుందిరా?"

నాకు ముచ్చెమటలు పోశాయి. ఈ సభలో నేత తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మామూలు చీరలో పేక దారం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోతుంది. అంచులో పడుగు పసుపే అయినా, దాన్ని దాటుకుంటూ పోయే పేక ఆకుపచ్చ. ఇంచుమించు సగం పసుపు, సగం ఆకుపచ్చ కలిసి కనిపిస్తాయి. మీగడరంగు పేక ఉన్నప్పుడు అంచు పసుపు చెడలేదు. పేక ముదురాకుపచ్చ అయ్యాక అంచు మారక తప్పదు. నా బొమ్మలో ఉన్నట్టు ఒళ్ళు ఒక రంగు, అంచు కల్తీలేని ఇంకో రంగు రావాలంటే కుప్పడం నేయాలి. అంచులకు విడి పేకలు, మూడు నాడెలు, మగ్గం పక్కన ఇంకో మనిషి. రోజుకు నేసేది తగ్గుతుంది, ధర పెరుగుతుంది. బాబాయి ఆ మాట షావుకారుకు ముందే చెప్పాడట. "ధర అదే, బొమ్మలో ఉన్నట్టే కావాలి" అన్నారట. ఆయన పసుపును రెండు వన్నెలు గాఢంగా అద్దించి, సర్దుకుంటుందేమోనని నేశాడు. సర్దుకోలేదు. ఒక ఇంటిల్లిపాది నెలరోజుల కష్టం.

నేను నీడలన్నీ కాపాడాను. చీరను కాపాడలేదు. ఏ మగ్గం మీదా ఆ ధరకు పుట్టని చీరను, పుట్టినట్టే నమ్మేలా చూపించాను. పని బాగా చేయకపోయి ఉంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, బాబాయి నష్టపోయేవాడూ కాదు.

చివరికి చెప్పాను, ఆ బొమ్మ నాదేనని. డబ్బివ్వబోతే తీసుకోలేదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డబ్బు ఎందుకురా? ఈసారి బొమ్మ వేసే ముందు పడుగేంటి, పేకేంటి అని ఒక్కమాట అడుగు" అన్నాడు. పిన్ని కాఫీ ఇచ్చింది. ఆ ఎనిమిదిట్లో ఒక చీర నేను కొనుక్కున్నాను. ఆఫీసులో నా బల్ల పక్కనే ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజున దాని అంచు చూపిస్తాను.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. రంగు మార్చే ముందు పడుగు, పేక అడుగుతాను. ఒళ్ళు పేక మారితే అంచులో కూడా దాని పాలు కలుపుతాను. కుప్పడమైతేనే అంచును విడిగా ఉంచుతాను. నెమలికంఠం లాంటి రంగులొస్తే ఒక్క రంగు పూయను. అందులో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. మడత తిరిగిన చోట ఒకటి, నిలిచిన చోట ఇంకొకటి పైకి తేలుతుంది. రెండు పొరలు వేసి, మడత వాటాన్ని బట్టి ఏది ఎక్కడ కనపడాలో నిర్ణయిస్తాను. ఇది నీడ పని కూడా కాదు, నేత పని.

పక్కపక్క రంగుల సంగతీ అంతే. రెండు వందల ఏళ్ళ కిందట పారిస్‌లో గోబెలిన్ నేత కార్ఖానా అద్దకాల విభాగానికి షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా ఉన్నాడు. మీ నలుపులో చిక్కదనం లేదని ఆయనకు ఫిర్యాదులొచ్చాయి. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. ఆ నలుపు పక్కన నేసిన రంగులే దాన్ని అలా కనపడేట్టు చేస్తున్నాయి. 1839లో దాని మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఒళ్ళు రంగు మారిస్తే, ముట్టుకోని బుటా కూడా మారినట్టు కనిపిస్తుంది. అప్పుడు బుటాను "సరిచేయాలని" చెయ్యి దురద పెడుతుంది. చేయకూడదు. అసలు చీరలో కూడా అది అలాగే కనిపిస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. ఇదివరకు నా తెర మీద రంగు ముందు పుట్టేది, అద్దకంవాళ్ళు దాని వెనక పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు వరస తిరగేశాం. అద్దకంవాళ్ళు చిన్న నూలు చిలప అద్ది పంపిస్తారు. దాన్ని పగటి వెలుతురులో, పక్కన బూడిదరంగు కార్డు పెట్టి ఫోటో తీసి, ఆ రంగునే బొమ్మలోకి తెస్తాను. మన అమ్మలు దుకాణంలో చీర నచ్చినా, గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూసిగానీ కొనరు. మనం విసుక్కునేవాళ్ళం. ట్యూబులైటు కింద ఒకటిగా కనిపించిన రెండు రంగులు ఎండలో వేరుగా కనిపించవచ్చు. దానికి శాస్త్రంలో పెద్ద పేరుంది గానీ, అమ్మలకు పేరు తెలియకుండానే సంగతి తెలుసు.

ఇవాళ ఒక్కమాట చెబితే చీర రంగు మార్చి ఇచ్చే యంత్రాలు వచ్చాయి. మడతలు, మెరుపులు, గడ్డం కింద పడే రంగు కూడా చాలావరకు బాగానే చేస్తాయి. నా ఉద్యోగం ఉంటుందా అని మా పిల్లలు అడుగుతున్నారు. నిన్న మొన్న ఒక యంత్రానికి మా బాబాయి నేసినలాంటి చీర బొమ్మే ఇచ్చి ఒళ్ళు ఆకుపచ్చ చేయమన్నాను. చక్కగా చేసింది. అంచు నిగనిగలాడే పసుపుగానే ఉంది. సరిగ్గా నేను ఆనాడు చేసిన తప్పే! యంత్రాన్ని ఏమీ అనలేం. దాన్ని పడుగేంటి, పేకేంటి అని అడిగినవాళ్ళు లేరు. అడగాల్సిన మనిషి ఒకడు దాని పక్కన ఉండాలి.

అందుకే సంఘం పెద్దలకు ఒక విన్నపం. ఈ స్వర్ణోత్సవం గుర్తుగా బడికి కంప్యూటర్లు ఇవ్వాలని తీర్మానం చేశారు. చాలా సంతోషం, నా వంతు నేనూ ఇస్తాను. వాటితోపాటు ఆ పడమటి గదిలో డ్రాయింగు పీరియడు ఆగకుండా చూడండి. దానికి కావలసింది ఒక కుర్చీ, ఒక తెల్లగుడ్డ, కొన్ని పెన్సిళ్ళు, మధ్యలో రంధ్రం చేసిన కొన్ని పోస్టుకార్డులు. పిల్లలు గింప్ నేర్చుకోవాలనుకుంటే ఏటా సంక్రాంతి సెలవుల్లో, వేసవి సెలవుల్లో రెండేసి రోజులు వచ్చి నేనే నేర్పుతాను. మొదటిరోజు పాఠం మాత్రం కంప్యూటర్ ముందు ఉండదు. ఊళ్ళో ఇంకా ఆడుతున్న మగ్గం దగ్గర ఉంటుంది. బాబాయి ఒప్పుకున్నాడు. పిల్లల్ని తీసుకొస్తే పడుగు, పేక తనే చూపిస్తానన్నాడు.

మాస్టారూ, మీరు ముందు వరుసలోనే కూర్చున్నారు. భుజం మీద తెల్ల కండువా ఉంది. ఇందాక మాట్లాడుతూ మాట్లాడుతూ దాని మడతల్లోకే చూస్తున్నాను. అందులో తెలుపు చాలా కొద్దిగానే ఉందండి.